పద్నాలుగు సెకండ్ల ఊపిరి

ఊపిరి పుస్తకం.
ఇల్లు: తేలేపాలెం, ఆరో పలక, 41.
రాసేవాడు: వంక దానేసు. అరవై తొమ్మిదేళ్లు. చదువు ఏడో తరగతి. పని: సముద్రం మీద తేలే పలకల అడుగున నీటి గొట్టాలు శుభ్రం చేయడం.

ఊపిరి పరీక్షకు పేరు రాయించుకుంటే ఈ పుస్తకం ఇచ్చి, రోజూ నాలుగు గడులు నింపమన్నారు. మెట్లు ఎన్ని ఎక్కావు, ఎంత దగ్గావు, చుట్టలు ఎన్ని కాల్చావు, ఛాతీ ఎలా ఉంది. గడుల కింద సగం పేజీ ఖాళీ వదిలారు. ఆ ఖాళీ వదలడం వాళ్ల తప్పు, నాది కాదు.

1వ రోజు

మెట్లు: నలభై. దగ్గు: మామూలే. చుట్టలు: అయిదు, పండగ కాబట్టి. ఛాతీ: పొంగిపోతోంది.

నా కూతురికి కూతురు పుట్టింది. ఇంకోసారి రాస్తాను, కాగితం వాళ్లదే కదా. నా కూతురికి కూతురు పుట్టింది. పోలేశ్వరికి ముప్పై తొమ్మిదేళ్లు. ఇక పిల్లలు పుట్టరని డాక్టర్లు, చుట్టాలు, పక్క పలక పెద్దమ్మలు అందరూ కూర్చుని తీర్పు చెప్పేశారు. ఆ తీర్పులన్నీ ఇప్పుడు ఉప్పునీళ్లలో నానబెట్టుకోవచ్చు. పొద్దున్న తీగ మీద కబురు వస్తే ఆరో పలక మొత్తం తిరిగి చెప్పాను. చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పాను. వినేవాళ్లు దొరకనప్పుడు పంపుకు కూడా చెప్పాను. పంపు నయం, మధ్యలో అడ్డు రాలేదు.

పోలేశ్వరి ఉండేది మా కింద, సముద్రం అడుగున, అడుగుపాలెంలో. అక్కడ నీళ్లలోంచి ఉప్పు తీసే యంత్రాలు చూస్తుంది. పసిపిల్లల్ని ఏడాది నిండేదాకా పైకి తేనివ్వరు, చెవులు తట్టుకోవట. కాబట్టి మనమే దిగాలి. దిగడానికి గొట్టంబండి ఉంది, యాభై నిమిషాల దారి. లోపల మనిషికింత అని గాలి కొలిచి పోస్తారు. పోయినేడు ఎవరో చుట్టల ముసలాయన సగం దారిలో నీలంగా మారాడట. అప్పటినుంచి పొగ తాగేవాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ ఊపిరి పరీక్ష పెట్టారు. ఒకడు నీలంగా మారితే ఊరంతా ఊదాలి, అదీ వీళ్ల న్యాయం. మూడు అవకాశాలు. మూడూ పోతే ఏడాదిపాటు బండి దగ్గరికి రానివ్వరు.

ఇరవై ఒకటో రోజున పేరు పెట్టడం. మా ఇళ్లలో ఆ పని తాతది. బిడ్డ చెవిలో, ఒక్క ఊపిరిలో, మూడుసార్లు చెప్పాలి. మధ్యలో ఊపిరి తెగితే ఆ బిడ్డ మాట మీద నిలబడదంటారు. పోలేశ్వరికి మా అయ్య చెప్పాడు. చెప్పాక ఇంకా ఊపిరి మిగిలిందని ఆవులింత కూడా తీశాడు. ఇప్పుడు నా వంతు. నేను ఎంచుకున్న పేరు గంగాసాగరవేణి. పొడుగైపోయిందని మా ఆవిడ కాసులమ్మ గొణిగింది. పొడుగ్గా ఉండాలనే కదా ఎంచింది. పొట్టి పేరు ఎవడైనా చెబుతాడు.

3వ రోజు

మెట్లు: ముప్పై ఎనిమిది. మధ్యలో ఒకసారి ఆగాను, సముద్రం చూడడానికి. దగ్గు: ఊదుడు పెట్టె ముందు తప్ప ఎక్కడా లేదు. చుట్టలు: మూడు. ఛాతీ: దీన్ని అడిగే హక్కు వాళ్లకు లేదు.

మొదటి పరీక్ష. ఊపిరి గదిలో గోడ మీద రెండు ఊపిరితిత్తుల బొమ్మ వేశారు. ఒకటి గులాబీరంగు, ఒకటి తారు. తారుదాని కింద "పొగ తాగేవారు" అని రాశారు. మొహం చూడని ఊపిరితిత్తులకు మా అడ్రసు రాసేశారన్నమాట.

అక్కడ ఉన్నామె పేరు నిరుపమ. పాతికేళ్లుంటాయి, మర్యాద తెలిసిన పిల్లే. గొట్టం నోట్లో పెట్టుకుని ముందు తను ఊది చూపించింది. బలంగా ఒక్క ఊదు, నాలుగు సెకండ్లకల్లా అంతా ఖాళీ. నాకు జాలేసింది.

"తిండి తింతన్నావా తల్లీ" అని అడిగాను.

"తింటున్నాను తాతగారూ. ఇప్పుడు మీరు. గుండెల నిండా పీల్చి, ఒక్కసారిగా బలంగా వదలండి."

నేను ఎవరినో ఆ పిల్లకు తెలియదు. పాలెం తీరాన ఉన్న రోజుల్లో చెడుగుడులో నా కూత వింటే అవతలి జట్టువాళ్లు ముందే గీత దాకా జరిగిపోయేవారు. ఒక్క కూతలో నలుగురిని ముట్టి వెనక్కి వచ్చినవాణ్ని. సరే, పీల్చాను. ఊదాను. "ఇంకా ఇంకా ఇంకా" అని ఆ పిల్ల చేతులు ఊపుతూనే ఉంది, నేను ఇస్తూనే ఉన్నాను. పదకొండు సెకండ్లు. ఆమెకు నాలుగు, నాకు పదకొండు. పెట్టె కుయ్యిమని ఒక చీటీ కక్కింది. "అనర్హులు."

"తాతగారూ, ఎన్ని సెకండ్లు ఊదారన్నది కాదు. మొదటి సెకండులో..."

"మొదటి సెకండుదేటుందమ్మా. కూత ఎత్తినప్పుడు ఎవులు సూస్తారు. ఆకర్న గీత ముట్టుకున్నోడ్ని సూస్తారు."

ఇంకా ఏదో చెప్పబోయింది. ఓడినవాళ్లు చెప్పేది ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది. పీల్చే మందని ఒక చిన్న డబ్బా చేతిలో పెట్టింది. తెచ్చి అద్దం వెనక పెట్టాను, దువ్వెన పక్కన.

5వ రోజు

మెట్లు: పని మీద దిగినవి లెక్క కాదంటే ముప్పై. దగ్గు: ఇంజనీర్ల వల్ల. చుట్టలు: నాలుగు. ఛాతీ: బాగుంది.

ఈ రోజు నవ్వలేక చచ్చాను. మూడో పలక అడుగున వాన నీళ్లు పోయే గొట్టం చూడడానికి కొత్త ఇంజనీర్లు ఇద్దరు వచ్చారు. పదహారేళ్లు చదివారట. ఒకడు కళ్లద్దాలు సర్దుకుంటూ చెప్పాడు, "ఈ గొట్టానికి ఏ లోపమూ లేదు తాతా. గంటనుంచి చూస్తున్నాం, నీళ్లు ఆగకుండా ఎంత నిలకడగా పారుతున్నాయో."

"అదే దాని జబ్బు బాబూ" అన్నాను. "లోపలంతా సంద్రపు గుల్ల పట్టినాది. దారి ఇరుకైపోతే నీళ్లు బతిమాలుకోని బతిమాలుకోని ఎల్తాయి. మంచి గొట్టం దబ్బున కక్కీసి ఊరుకుంటాది."

పొడుగు బ్రష్షు పెట్టి గోకితే గంపెడు గుల్ల రాలింది. తరవాత నీళ్లు ఎలా పోయాయో చూసి ఇద్దరూ నోరు తెరిచారు. చాలాసేపు పారితే మంచి గొట్టం అనుకునేవాళ్లు మా పలకల్ని తేలుస్తున్నారు. దేవుడే దిక్కు. ఇంటికొచ్చి ఈ సంగతి మూడిళ్లలో చెప్పాను, మనవరాలి సంగతితో కలిపి.

8వ రోజు

మెట్లు: ఇరవై ఎనిమిది, సముద్రం రెండుసార్లు చూశాను. దగ్గు: సాధన చేసేవాడికి సహజం. చుట్టలు: రెండు. త్యాగం. ఛాతీ: తయారవుతోంది.

మూడు రోజులుగా కూత సాధన చేస్తున్నాను. మా బావమరిది బైరాగి పలక చివర నిలబడి లెక్కపెడతాడు. కాసులమ్మ తమ్ముడు వాడు. జన్మలో చుట్ట ముట్టలేదు, ఆ సంగతి రోజుకు రెండుసార్లు చెబుతాడు. మెల్లగా మొదలుపెట్టి ఊపిరిని పొదుపుగా వదిలితే ఎక్కువసేపు వస్తుందని కనిపెట్టాను. "చెడుగుడు చెడుగుడు" అంటూ పన్నెండు దాకా లాగాను.

"మొకం వంకాయలాగున్నాది బావా" అన్నాడు బైరాగి.

"నువ్వు లెక్కెట్రా. రంగులు అడగనేదు."

సాయంత్రం తీగ మీద పోలేశ్వరి మాట్లాడింది. బిడ్డ కుడికన్ను ముందు తెరుస్తుందట, ఎడమకన్ను తరవాత. ఇంత తెలివైన పిల్ల మా వంశంలో పుట్టలేదు. "వత్తావు కదా అయ్యా" అని అడిగింది. రానని ఎవడన్నాడు? ఆ పెట్టె తప్ప.

10వ రోజు

మెట్లు: ఇరవై ఆరు. దగ్గు: రాయను. చుట్టలు: పరీక్షకు ముందు సున్నా, తరవాత నాలుగు. ఛాతీ: మండుతోంది, కోపంతో.

రెండో పరీక్ష. పెట్టె ఊపిరిని కొలవడమే కాదు, వాసన కూడా చూస్తుందట, కుక్కలాగా. అందుకని బైరాగి సలహా మీద జామాకు నమిలి వెళ్లాను. ఊదాను. పద్నాలుగు సెకండ్లు. రాసుకోండి, పద్నాలుగు. నా తరవాత వరసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పెట్టెకు చెవుల్లేవు, మళ్లీ అదే ముక్క. "అనర్హులు." కింద చిన్న అక్షరాల్లో "మునుపటికన్నా తక్కువ" అని ఇంకో ముక్క. పదకొండు కన్నా పద్నాలుగు తక్కువని లెక్క చెప్పే యంత్రాన్ని నేను మొదటిసారి చూడడం.

కాసులమ్మ ఊదింది. అయిదు సెకండ్లు. "అర్హులు."

దారి పొడుగునా పమిట కప్పుకుని నవ్వుతూనే ఉంది. "అయిదుకే నాను పాసయిపోనాను. నీ పద్నాలుగూ ఎత్తుకెల్లి సంతలో అమ్ముకో ముసిలోడా."

వెనకనుంచి నిరుపమ పిలిచింది. "తాతగారూ, రెండు నిమిషాలు కూర్చుంటే చీటీ మీద ఈ గీత ఏమిటో చూపిస్తాను." గీతలు చూడడానికి నేను జాతకం చెప్పించుకోవడానికి వెళ్లలేదు. రెండు అవకాశాలు పోయాయి. ఒకటి మిగిలింది.

12వ రోజు

మెట్లు: ఇరవై నాలుగు. దగ్గు: ఉంది. చుట్టలు: అయిదు. ఛాతీ: ఇంట్లో ఎవరూ లేరు, ఎవరికి చెప్పాలి.

కాసులమ్మ దిగింది. గొట్టంబండి తలుపు దగ్గర మూట దించి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు రానేకపోతే పేరు నాను సెప్పీనా?"

"ఆడోళ్లు సెప్పకూడదు. ఒక్క ఊపిరిలో సెప్పాలి."

"నా ఊపిరికి పెట్టి ఒప్పుకున్నాది. మీ ఆచారానికే ఆనలేదు గావాల" అంది. మళ్లీ తనే మెత్తబడి, "ఆ అద్దం ఎనకాల డబ్బా ఓసారి పీల్చి సూడు. సీపిరి కట్టకి కూడా పనుంటాది, దానికేటి" అంది.

తలుపు మూసుకుంది. సాయంత్రం తీగ మీద ఆవిడ గొంతే వేరు. బిడ్డ ఇప్పుడు ఒళ్లో ఉందట. పిడికిలి విప్పడం లేదట. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చుట్ట పట్టుకున్నాను.

16వ రోజు

మెట్లు: ఇరవై రెండు. దగ్గు: పొద్దున్న నిద్ర లేవగానే, పని దగ్గర, తిన్నాక. చుట్టలు: ఒకటి, సగం. ఛాతీ: కింద రాస్తాను.

అయిదో పలక గొట్టం చూడమన్నారు. ఈ మధ్య అన్నీ లెక్కపెట్టడం అలవాటైపోయింది కదా, బకెట్టెడు నీళ్లు పోసి ఊరికే లెక్కపెట్టాను. కుండకు చిల్లి పడ్డట్టు సన్నగా, సాగి సాగి పోతున్నాయి. పదకొండు. పన్నెండు. పదమూడు. ఆఖరి చుక్క పడేసరికి పద్నాలుగు.

గోకాను. గంప నిండింది. మళ్లీ బకెట్టు పోశాను. దబ్బున పోయాయి. నాలుగు.

బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. నాలుగు ఎవరిదో, పద్నాలుగు ఎవరిదో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నలభై ఏళ్లుగా గొట్టం మోగితే లోపల ఎంత గుల్ల ఉందో చెప్పేవాణ్ని. ఇద్దరు ఇంజనీర్ల అజ్ఞానాన్ని మూడిళ్లలో పంచినవాణ్ని. వాళ్లు పదహారేళ్లే చదివారు. నేను యాభై ఏళ్లు చుట్ట కాల్చి, నా గొట్టం ఎంత నిలకడగా పారుతోందో చూడండని పలక చివర నిలబడి కూత పెట్టాను. వరసలో ఉన్నవాళ్ల చేత చప్పట్లు కొట్టించుకున్నాను.

ఇంకోటి కూడా రాస్తాను. మెట్ల మీద నేను ఆగింది సముద్రం చూడడానికి కాదు. పుట్టినప్పటినుంచి చూస్తున్నాను దాన్ని, కొత్తగా ఏముంది.

17వ రోజు

మెట్లు: ఊపిరి గది దాకా పద్దెనిమిది, మూడుసార్లు ఆగి. దగ్గు: చాలా. చుట్టలు: ఒకటి. ఛాతీ: ఇరుకు.

"ఆ గీత సూపించమ్మా" అని అడిగాను. నిరుపమ ఒక్క మాట దెప్పలేదు. దెప్పినా పడేవాణ్నే.

తన గీతా నా గీతా పక్కపక్కన పెట్టింది. ఆమెది గోడలాగా లేచి దిగిపోయింది. నాది లేవకుండానే తోకలాగా సాగింది. "బాగున్న మనిషి పీల్చిన గాలిలో నూటికి డెబ్బై, ఎనభై వంతులు మొదటి సెకండులోనే వదిలేస్తాడు తాతగారూ. మీరు నలభై. పొగకు లోపలి గొట్టాలు వాచి ఇరుకైపోయాయి. గాలి బయటికి రావడానికే అంతసేపు పడుతోంది. రెండోసారి మీరు మెల్లగా వదిలారు కాబట్టి ఇంకా తగ్గింది."

"మరి ఇంకా ఇంకా అని సెయ్యూపినావు కదా."

"మొత్తం ఎంతుందో తెలియాలంటే చివరిదాకా రావాలి కదా. కానీ మార్కులు మొదటి సెకండుకే."

"గుల్ల గోకడానికి నాకాడ బ్రష్షున్నాది. దీనికేటున్నాది?"

"పట్టింది పూర్తిగా పోదు. కొత్తది పట్టకుండా చూడవచ్చు. చుట్ట మానాలి, మందు రోజూ పీల్చాలి. మూడు నెలలకు దారి కాస్త వెడల్పైతే మూడో పరీక్షకు రండి. ఈ వారం ఊదితే అది కూడా పోతుంది."

నాలుగు రోజుల్లో పేరు పెట్టడం. ఈమె మూడు నెలలంటోంది.

18వ రోజు

మెట్లు: ఎక్కలేదు. దగ్గు: మామూలే. చుట్టలు: పొద్దున్న ఒకటి వెలిగించి పారేశాను. మందు: రెండుసార్లు, చేదు. ఛాతీ: అలాగే ఉంది.

బైరాగి ఉపాయంతో వచ్చాడు. "పెట్టికి మొకాలు తెల్దు బావా. నీ పేరు సెప్పి నాను ఊదీస్తాను. మూడోది పాసు. నువ్వు బండెక్కీ."

వాడి ఊపిరి శుభ్రం, అనుమానం లేదు. పెట్టె మోసపోతుంది, అందులోనూ అనుమానం లేదు. దాన్ని ఒక్కసారైనా మోసం చేయాలని నాకు ఎంత కోరికో ఈ పుస్తకం చదివినవాళ్లకు తెలుసు. చొక్కా వేసుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను. గుమ్మం దగ్గర ఆగిపోయాను.

"ఏటయినాది?"

"పెట్టి మోసపోతాదిరా. బండిలో గాలి మోసపోదు. యాభై నిముసాలు. బతిమాలుకోని ఎల్లే ఊపిరికి శానా దూరం."

తలుపు తెరిచేసరికి నీలంగా ఉన్న అయ్యను పోలేశ్వరి ఒక చేత్తో పట్టుకోవాలి, ఒక చేత్తో బిడ్డను. బాలింతకు నేను తీసుకెళ్లే సారె అదా? చెప్పులు విడిచాను. బైరాగి గొణుక్కుంటూ పోయాడు, తను జన్మలో చుట్ట ముట్టలేదని.

21వ రోజు

మెట్లు: ఇరవై, రెండుసార్లు ఆగి. దగ్గు: తక్కువేమీ కాదు. చుట్టలు: నిన్న సగం, ఈ రోజు లేదు. మందు: పీల్చాను. ఛాతీ: చెప్పడానికి ఈ గడి చాలదు.

తీగ మీదే చెబుతానని నిన్న పోలేశ్వరితో అన్నాను. పెద్దలు ఒప్పుకుంటారా అని అడిగింది. ఒక్క ఊపిరి ఆచారం పెట్టిన పెద్ద ఎవరో గాని, వాడికి చుట్ట తెలియదు, గొట్టంబండీ తెలియదు. వాడితో తరవాత మాట్లాడుకుంటాను.

పొద్దున్నంతా పేరు సాధన చేశాను. గంగాసాగరవేణి. ఒకసారి బాగానే వచ్చింది. రెండోసారి వేణి దగ్గర ఈల వచ్చింది. మూడోసారి గంగా దగ్గరే దగ్గు. ఎన్నిసార్లు చేసినా అంతే. దొంగ ఊపిరి తీయవచ్చు, చెడుగుడులో తీసినవాణ్నే, తీగ అవతల ఎవరికీ తెలియదు. కానీ బిడ్డకు మొదటి మాటే దొంగమాట చెబుతానా. బకెట్టు మీద కూర్చుని ఆలోచించి, పేరును గోకాను.

పది గంటలకు కాసులమ్మ వినే గొట్టాన్ని బిడ్డ చెవికి ఆనించింది. "ఊ, కానీ ముసిలోడా. నిద్దరోతున్నాది."

పీల్చాను. ఇరుకు దారే, పట్టినంత పట్టింది. చెప్పాను.

"వేణి. వేణి. వేణి."

తెగలేదు. ఊపిరి కూడా కాస్త మిగిలింది, ఆవులింతకు సరిపడా కాదు గాని మిగిలింది.

అవతలనుంచి పోలేశ్వరి నెమ్మదిగా అడిగింది. "గంగా, సాగరం ఏవయిపోనాయి అయ్యా?"

"నా సుట్టలు తినీసినాయమ్మా. మిగిలింది దానికిచ్చినాను."

"సాల్లే. పిలుసుకోడానికి బాగున్నాది" అంది. కాసులమ్మ ఎప్పటినుంచో పొట్టి పేరే పెట్టమంటున్నానని అందుకుంది. వాదన మొదలైంది. ఆ గోలకు బిడ్డ లేచింది.

ఏడ్చింది. ఆ ఏడుపు గురించి వంద పుస్తకాలు రాయవచ్చు గాని గడి ఇంతే ఇచ్చారు. మొదలు లేదు, తోక లేదు, గోడలాగా ఒక్కసారి లేచింది. చెవి నొప్పెట్టింది, తీయలేదు. అలవాటు చొప్పున లెక్కపెట్టాను. గుక్క మొత్తం దబ్బున కక్కేసి ఊరుకుంది.

ఒక్క సెకండు. గొట్టం శుభ్రంగా ఉంది.